22 రూపాయల పాకెట్టుకు నాలుగున్నర స్టార్లు

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి ఒంగోలులో రిటైరయ్యాను. ఇలా రివ్యూలు రాయడం మా అల్లుడు నేర్పాడు. ఇప్పటిదాకా మిక్సీకి ఒకటి, మోకాలి పట్టీకి ఒకటి రాశాను. ఈసారి విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి పట్టే ఓఆర్ఎస్ పొడి పాకెట్టు గురించి రాస్తున్నాను. నవ్వకండి. మిక్సీ గురించి రెండు పేజీలు రాసినవాణ్ణి, పిల్ల ప్రాణానికి సంబంధించిన దాని గురించి నాలుగు పేజీలు రాస్తే తప్పేం లేదు.

మనవరాలి పుణ్యమా అని ఏడాదిలో మూడు కంపెనీల పాకెట్లు వాడాను. వానాకాలం ముందు ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఇచ్చిన గవర్నమెంటు పాకెట్టు నాలుగోది. కంపెనీల పేర్లు రాయడం లేదు. అసలైన పాకెట్టు అయితే ఏ కంపెనీదైనా లోపలి సరుకు ఒకటే. అసలైనది కానిది తెచ్చుకుంటేనే గొడవ. ఆ గొడవ మా ఇంట్లో జరిగింది.

2025 మే నెల. అమ్మాయికీ అల్లుడికీ హైదరాబాద్‌లో ఉద్యోగాలు. పిల్లను నెల రోజులు మా దగ్గర ఉంచుదామని దింపి వెళ్లారు. అప్పటికి దానికి రెండేళ్ల నాలుగు నెలలు. మూడో రోజు లేస్తూనే ఒక వాంతి. పది గంటలకల్లా నాలుగు నీళ్ల విరేచనాలు. మా ఆవిడ దిష్టి అంది, ఎర్రనీళ్లు తిప్పి వీధిలో పోసింది. నేను చెప్పులేసుకుని మెడికల్ షాపుకు పోయాను.

"ఓఆర్ఎస్ ఇవ్వు బాబూ" అన్నాను. షాపు కుర్రాడు ఫ్రిజ్‌లోంచి మూడు టెట్రా ప్యాకులు తీసి కౌంటరు మీద పెట్టాడు. రెండు ఆరెంజ్, ఒకటి ఆపిల్. "ఇవైతే పిల్లలు బాగా తాగుతారు బాబాయ్, పొడి కలిపితే ఉమ్మేస్తారు" అన్నాడు. డబ్బా మీద ఓఆర్ఎస్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు అల్లంత దూరం నుంచి కనిపిస్తున్నాయి. ఇంకేం కావాలి? డబ్బులిచ్చి తెచ్చేశాను.

పిల్ల నిజంగానే బాగా తాగింది. స్ట్రా వదల్లేదు. ఎందుకు వదులుతుంది, జ్యూసు కదా! సాయంత్రానికి విరేచనాల లెక్క తొమ్మిదయింది. కాగితం మీద టైము వేసి రాసుకున్నాను, పాత అలవాటు. రాత్రి వీడియో కాల్‌లో అమ్మాయి ముందు పిల్లను చూసింది, తర్వాత డబ్బాను చూసింది. "నాన్నా, వెనక్కి తిప్పి చక్కెర ఎంతుందో చదువు" అంది. భూతద్దం తెచ్చుకుని చదివాను. 100 మి.లీ.కి 11 గ్రాముల పైచిలుకు. లీటరుకు 110 గ్రాములు దాటుతుంది. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. ఇది డబ్ల్యూహెచ్ఓ, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ, సిఫారసు చేసిన ఓఆర్ఎస్ ఫార్ములా కాదట.

ముందు వైపు ఓఆర్ఎస్, వెనక వైపు ఓఆర్ఎస్ కాదు! ముందు బోర్డు మీద విజయవాడ, వెనక బోర్డు మీద కర్నూలు రాసుకుని తిరిగిన బస్సును నా సర్వీసులో ఒక్కదాన్ని కూడా చూడలేదు.

తొమ్మిదిన్నరకు బస్టాండు దగ్గర తెరిచి ఉన్న షాపుకు పోయి, ఈసారి "పొడి పాకెట్టు, డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉండాలి" అని అడిగి మరీ తెచ్చాను. 22 రూపాయలు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మొత్తం పాకెట్టు కలిపి, రాత్రి ఒంటిగంట దాకా ఇద్దరం వంతులేసుకుని చెంచాతో పట్టాం. మధ్యలో ఒకసారి వాంతి చేసుకుంది. పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాం, ఇంకొంచెం నిదానంగా. మూడు గంటలకు డైపరు తడిసింది. మూత్రం చూసి సంతోషించడం జీవితంలో అదే మొదటిసారి. పొద్దున పిల్ల లేచి తాతా అని పిలిచింది, కానీ విరేచనాలు ఆగలేదు. ఇంకో రెండు రోజులు అయ్యాయి.

ఈ ముక్క గట్టిగా చెప్పాలి. ఆన్‌లైన్‌లో ఈ పాకెట్టుకు ఒక స్టారు ఇచ్చి "మోషన్స్ ఆగలేదు, వేస్ట్" అని రాసినవాళ్లు ఉన్నారు. ఇది మోషన్స్ ఆపే మందు కాదండీ. పోయిన నీళ్లనూ ఉప్పునూ తిరిగి ఒంట్లోకి చేర్చేది. పిల్లకు ప్రమాదం విరేచనం వల్ల కాదు, దానితోపాటు పోయే నీళ్ల వల్ల. గొడుగు కొని వాన ఆగలేదని షాపువాడితో తగాదా పెట్టుకుంటామా?

తర్వాత వారం పాకెట్టు వెనక ఉన్న లెక్కను ఒక్కో లైనూ అమ్మాయి చేత చెప్పించుకున్నాను. ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, సోడియం సిట్రేటు 2.9. మొత్తం 20.5 గ్రాములు, లీటరు నీళ్లకు. ఫ్లేవర్ వేస్తే బరువు ఇంకాస్త పెరుగుతుంది. గ్లూకోజు 13.5 గ్రాములే, ఆ టెట్రా ప్యాకులో చక్కెర 110 దాటింది. దాదాపు ఎనిమిది రెట్లు.

మరి ఉప్పునీళ్లు ఇస్తే చాలదా, గ్లూకోజు ఎందుకు అని అడిగాను. పేగు గోడలో చిన్న చిన్న తలుపులు ఉంటాయట. ఉప్పులో ఉండే సోడియం ఒక్కటే వస్తే ఆ తలుపు తెరుచుకోదు. గ్లూకోజు ఒక్కటే వచ్చినా తెరుచుకోదు. ఇద్దరూ కలిసి ఎక్కితేనే లోపలికి రానిస్తుంది, వాళ్ల వెనకాలే నీళ్లు ఎక్కుతాయి. విరేచనాలు పట్టినప్పుడు పేగులో మిగతా దారులు చెడినా ఈ తలుపు మాత్రం చాలావరకు పనిచేస్తూనే ఉంటుందట. అందుకే ఈ ఫార్ములాలో సోడియం, గ్లూకోజు రెండూ సమానంగా, లీటరుకు 75 మిల్లీమోళ్ల చొప్పున పెట్టారు. మోళ్లంటే ఏంటని నన్ను అడగొద్దు, గింజల లెక్క అనుకోండి. చక్కెర ఎక్కువైతే కథ తిరగబడుతుంది. పేగులో చిక్కగా ఉన్న పాకాన్ని పలచన చేయడానికి ఒంట్లోని నీళ్లే పేగులోకి వచ్చేస్తాయి. పొద్దున నాలుగు విరేచనాలు సాయంత్రానికి తొమ్మిది ఎందుకయ్యాయో అప్పుడు కొంత అర్థమైంది. అన్నీ జ్యూసు వల్లే అయ్యాయని ఒట్టేసి చెప్పలేను, కానీ అది మేలు మాత్రం చేయలేదు.

ఈ 75 కూడా ఒక్కరోజులో తేలిన అంకె కాదు. పాత పాకెట్టులో సోడియం 90, గ్లూకోజు 111, అన్నీ కలిపి చిక్కదనం లెక్క 311. చాలా దేశాల్లో పిల్లల మీద పరిశోధనలు చేసి దాన్ని 245కి తగ్గించారు. కొత్తది వాడితే మధ్యలో సెలైన్ ఎక్కించాల్సిన అవసరం 33 శాతం తగ్గిందని, విరేచనం పరిమాణం 20 శాతం, వాంతులు 30 శాతం తగ్గాయని తేలింది. 2002 నుంచి డబ్ల్యూహెచ్ఓ చెబుతున్నది ఈ కొత్త ఫార్ములానే. మీ పాకెట్టు వెనక 245 అన్న అంకె ఉందా లేదా చూసుకోండి. నేనైతే ముందు అదే చూస్తాను.

దీని వెనక ఉన్న కథ తెలిశాక ఆ పాకెట్టును చేతిలో పట్టుకుంటే వేరేగా అనిపిస్తోంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన జనం పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ దగ్గర క్యాంపుల్లో కిక్కిరిసి ఉన్నారు. కలరా వచ్చింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు గారు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించారు. నర్సులు చాలరు కాబట్టి రోగి పక్కన ఉన్న తల్లి, అన్న, ఎవరుంటే వాళ్లే గ్లాసుతో ముంచి తాగించారు. అంతకుముందు వందకు 30 దాకా ఉన్న చావులు 4 లోపుకు దిగాయి. 1978లో లాన్సెట్ అనే వైద్య పత్రిక, ఈ శతాబ్దంలో వైద్యం సాధించిన అతి ముఖ్యమైన మేలు ఇదే కావచ్చని రాసింది. ఆయన 2022లో పోయారు. 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఆ క్యాంపుల కన్నా మూడేళ్ల ముందే, 1968లో, ఢాకాలో కలరా రోగులకు ఇలాంటి నీళ్లే తాగించి చూసిన పరిశోధన అచ్చయిందట. మాది అద్దంకి దగ్గర పల్లె. 1967 ఎండాకాలంలో మా చెల్లి మూడేళ్లప్పుడు ఒకటిన్నర రోజు విరేచనాలతో పోయింది. నాకు ఏడేళ్లు. నీళ్లు పడితే ఇంకా అవుతాయని మా అమ్మ చుక్క కూడా పట్టనివ్వలేదు, అందరూ అదే చెప్పారు మరి. అది చెంబు వైపు చెయ్యి చాపడం నాకు గుర్తుంది. రివ్యూలో ఇది రాయకూడదేమో, మా అల్లుడు తీసేయమన్నాడు. ఉండనివ్వమన్నాను.

ఇక అర స్టారు ఎందుకు కోశానో చెబుతాను.

మొదటిది కొలత. పాకెట్టు లీటరుకు. పిల్ల తాగేది విరేచనం అయిన ప్రతిసారీ కొంచెం. రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మి.లీ., పైబడినవాళ్లకు 100 నుంచి 200. లీటరు కలిపితే 24 గంటలు దాటాక మిగిలింది పారబోయాలి. మొదటి రోజు మిగిలినదాన్ని పారబోయడానికి మనసొప్పక నేనే తాగబోతే, నీకు బీపీ ఉంది అని మా ఆవిడ గ్లాసు లాక్కుంది. ఇలా వృథా అవుతుందని చాలామంది "ఇంత పొడి, ఒక గ్లాసు నీళ్లు" అని కంటితో కొలిచి కలిపేస్తారు. మా ఎదురింటివాళ్లూ అదే చేశారు. అది తప్పు. ఉప్పు ఎక్కువైతే పిల్లకు ప్రమాదం, తక్కువైతే ఉపయోగం లేదు. 200 మి.లీ.కి సరిపోయే చిన్న పాకెట్లు కూడా దొరుకుతున్నాయి, పసిపిల్లలున్న ఇంటికి అవే మేలు. కానీ గ్లాసును నమ్మకండి. మా ఇంటి స్టీలు గ్లాసును మందు సీసా మూతతో కొలిస్తే అంచు దాకా 280 మి.లీ. వచ్చింది. మీ గ్లాసు కూడా కొలుచుకోండి. లీటరుకైతే కొన్న నీళ్ల సీసాను వాడుకోవచ్చు.

రెండోది అక్షరాలు. మూడు కంపెనీలదీ అదే తంతు. కంపెనీ పేరు బొటనవేలంత, ఎలా కలపాలో ఆవగింజంత. తెలుగులో ఒక్క వాక్యం లేదు. గవర్నమెంటు పాకెట్టులో బొమ్మలైనా ఉన్నాయి. చదువురాని అవ్వ కూడా కలపాల్సిన వస్తువు ఇది.

మూడోది చింపడం. తడి చేత్తో చిరగదు, పళ్లతో చింపితే మూల నుంచి పొడి కారిపోతుంది. కత్తెర వాడండి.

రుచి సంగతి. కన్నీళ్లలో కొంచెం తీపి కలిపినట్టు ఉంటుంది. ఆరెంజ్ ఫ్లేవర్‌ను మా పిల్ల ఒప్పుకుంది, ఫ్లేవర్ లేనిదానికి మూతి తిప్పింది. కానీ షాపు కుర్రాడు చెప్పినట్టు ఉమ్మేయలేదు. ఒంట్లో నీళ్లు తగ్గిన పిల్లకు ఇది అంత చేదుగా అనిపించదట, కోలుకున్న కొద్దీ వద్దంటుందట. మూడో రోజు చెంచాను తోసేసి పప్పన్నం అడిగింది. చెంచాతో నిమిషానికో రెండు నిమిషాలకో ఒకటి పట్టడమే పద్ధతి. గటగటా తాగిస్తే వాంతి ఖాయం. తల్లిపాలు తాగే పిల్లకు పాలు ఆపకూడదు, అన్నం తినే పిల్లకు అన్నం ఆపకూడదు. పొడి దొరకని రాత్రి గంజి, ఉప్పేసిన పలచటి మజ్జిగ పట్టొచ్చు. లేదంటే లీటరు నీళ్లలో ఆరు తలకొట్టిన టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. కానీ మన చెంచాలు గ్లాసుల తమ్ముళ్లే, అందుకే పాకెట్టు ఇంట్లో ఉంచుకోవడం సుఖం.

పాకెట్టుతో పాటు జింకు బిళ్లలు అడగండి. ఆశా అమ్మాయి రెండూ కలిపే ఇచ్చింది. ఆరు నెలలు దాటిన పిల్లకు రోజుకు 20 మి.గ్రా., అంతకన్నా చిన్న పిల్లకు 10, పద్నాలుగు రోజులు. విరేచనాలు ఉండే రోజులు దాదాపు పావు వంతు తగ్గుతాయని, తర్వాత రెండు మూడు నెలల్లో మళ్లీ వచ్చే అవకాశం కూడా తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. విరేచనాలు ఆగగానే మేం నాలుగో రోజు మానేయబోయాం. అమ్మాయి తిట్టింది.

పాకెట్టుతో ఇంట్లో కూర్చోకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. విరేచనంలో రక్తం పడినా, పిల్ల అసలు తాగలేకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, కళ్లు లోపలికి పోయినా, పిలిస్తే పలకకుండా మత్తుగా పడుకున్నా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా వెనక్కి పోతున్నా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఆ దారిలో కూడా చెంచా ఆపకూడదు.

అన్నట్టు ఆ డబ్బాల పంచాయితీ ఏమైందో చెప్పలేదు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. ఉత్తరాలు రాశారు, తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2025 అక్టోబరు 14న ఫుడ్ సేఫ్టీ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఉత్తర్వులిచ్చింది. ఏ డ్రింకు పేరులోనూ, ముందొక మాట వెనకొక మాట తగిలించి అయినా సరే, ఓఆర్ఎస్ అని రాయకూడదు. అంతకుముందు, వెనక చిన్న అక్షరాల్లో ఆ వాక్యం వేస్తే సరిపోతుందని ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంది. ఆవిడకు నా తరఫున ఐదు స్టార్లు. అయినా అడిగేటప్పుడు పొడి అనే మాట వదలకండి. పేరు మార్చుకున్న జ్యూసు ఫ్రిజ్‌లోనే ఉంటుంది కదా.

డాక్టరు దగ్గర కూడా అడగాలని నాకు జనవరిలో తెలిసింది. పిల్లకు మళ్లీ విరేచనాలు పట్టాయి, జ్వరం లేదు, రక్తం లేదు, ఆడుకుంటూనే ఉంది. అయినా భయంతో ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకుపోయాను. డాక్టరు గారు చీటీ మీద యాంటీబయాటిక్ సిరప్ రాయబోతుంటే, "అయ్యా, దీనికి ఓఆర్ఎస్సూ జింకూ చాలవా?" అన్నాను. ఆయన పెన్ను ఆపి నా వైపు చూసి నవ్వారు. "మీరు అడిగారు కాబట్టి అవే రాస్తాను. అవి మాత్రమే రాసిస్తే, ఫీజు తీసుకుని ఉప్పునీళ్లు రాశాడని బయట అంటారండీ" అన్నారు.

ఇంటికొచ్చి అమ్మాయికి చెబితే అది ఒక పరిశోధన గురించి చెప్పింది. 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. కర్ణాటక, బీహార్‌లలో 253 ఊళ్లలో రెండు వేల మందికి పైగా వైద్యం చేసేవాళ్ల దగ్గరకు, రెండేళ్ల బిడ్డకు విరేచనాలని చెప్పే తల్లిదండ్రుల వేషంలో మనుషుల్ని పంపారట. కొందరు ఏమీ అడగలేదు, కొందరు ఓఆర్ఎస్ కావాలన్నట్టు చెప్పారు. అలా చెప్పినప్పుడు వందకు 27 మంది ఎక్కువగా ఓఆర్ఎస్ రాశారు. ఓఆర్ఎస్ రాయకపోవడానికి షాపులో సరుకు లేకపోవడం ఆరు శాతం కారణం, డబ్బు ఆశ ఐదు శాతమే. అన్నిటికంటే పెద్ద కారణం, 42 శాతం, ఈ పేషెంటుకు ఓఆర్ఎస్ ఇష్టం ఉండదులే అని వాళ్లు అనుకోవడం. మనం సూదిమందు అడుగుతామని వాళ్లు, వాళ్లు మంచిదే రాస్తారని మనం!

నా సర్వీసులో దిగాల్సిన స్టాపు పేరు చెప్పకుండా నిద్రపోయి, దాటిపోయాక నన్ను తిట్టినవాళ్లు బోలెడంత మంది. మే నెలలో మెడికల్ షాపులో నేను చేసిందీ అదే.

మొన్న ఆదివారం అదే షాపుకు పోయాను. నన్ను చూడగానే కుర్రాడు ఫ్రిజ్ వైపు పోలేదు. పై అరలోంచి పొడి పాకెట్లు రెండు, జింకు స్ట్రిప్పు ఒకటి తీసి కౌంటరు మీద పెట్టి, "డబ్ల్యూహెచ్ఓ ఫార్ములానే బాబాయ్, 245 ఉంది చూసుకో" అన్నాడు. నేను పోయింది మోకాళ్లకు బామ్ కోసం. పాకెట్లు కూడా తెచ్చుకున్నాను, పాతవాటి గడువు వచ్చే నెలతో అయిపోతుంది.